కూలి ఇచ్చిన తరువాత మిగులు ఋణము

(పఠన భాగము: సంఖ్యాకాండము 10:29-36)



దారి తెలియని చోట మనకు దారి చూపినవానికి కూలి ఇచ్చి పంపివేసిన తరువాత అతనికి మనమింకేమైన అచ్చియుందుమా? సంతలో ఈ ప్రశ్న పుట్టదు. బస్తా మోసినవానికి మోతకూలి, బండి తోలినవానికి కిరాయి ఇచ్చివేయుదుము. లెక్క ముగిసినది, ఎవరి దారిని వారు పోవుదురు. ఇందులో తప్పేమియు లేదు. ఏనాటి కూలి ఆనాడే, ప్రొద్దు గ్రుంకకమునుపే ఇయ్యవలెనని ధర్మశాస్త్రము సహితము ఆజ్ఞాపించినది (ద్వితీయోపదేశకాండము 24:15). అయితే మన కన్నులు పనికిరాని చోట తన కన్నులను మనకు ఇచ్చినవాని విషయములో కూడ ఆ లెక్కయే చాలునా? ఈ నెల మనము ఈ సంగతిని ధ్యానింపవలెనని కోరుచున్నాము.

ఈ తలంపు మాకు కలుగుటకు పరిశుద్ధ దేశయాత్ర కారణము. పూర్వము మన పల్లెలవారికి యెరూషలేము బైబిలు పటములలో మాత్రమే కనబడెడిది. తరువాతి కాలమున విమానముల వలనను, యాత్రలు నడుపు సంస్థల వలనను మనవంటివారు కూడ కొందరు వెళ్లి చూచివచ్చుచున్నారు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము యెరూషలేము యాత్రికులకిచ్చు సహాయమును 2019లో పెంచి, సంవత్సరాదాయము 3 లక్షల రూపాయలలోపు గలవారికి 60,000 రూపాయలు, అంతకు మించినవారికి 30,000 రూపాయలు అని నిర్ణయించినది. 2023 అక్టోబరులో ఆ దేశమున యుద్ధము చెలరేగుటచేత అనేక యాత్రలు నిలిచిపోయినవి. అయినను అంతకుమునుపు వెళ్లివచ్చినవారి సాక్ష్యములు మన కూటములలో వినబడుచునే యున్నవి. మేము ఆ దేశమును చూడలేదు. చూచినవారిని అడిగి తెలిసికొన్నదానిని, చదివినదానిని కలిపి వ్రాయుచున్నాము.

ఆ యాత్రలలో ఒక మార్గము ఐగుప్తునుండి కనాను దేశమునకు నేలమీదనే సాగును. కైరో పట్టణమున బస్సు ఎక్కి తూర్పుగా పోయి, 1869లో తెరవబడిన సూయజు కాలువను దాని క్రిందనున్న సొరంగముగుండ దాటుదురు. కొంత దూరము దక్షిణముగా పోగా మోషే బావులనబడు చోటు వచ్చును. మారా ఇదియేయని యాత్రికులకు చూపుదురు. అక్కడనుండి ఒక ప్రక్క ఎఱ్ఱసముద్రపు పాయ, ఒక ప్రక్క ఇసుక. తరువాత పచ్చగడ్డి మొలవని రాతికొండల నడుమ దారి పోవును. అట్లు పోయి పరిశుద్ధ కత్తెరీన పేరిట నున్న మఠమును చేరుదురు. అది 6వ శతాబ్దమున జస్టీనియను చక్రవర్తి కట్టించినది. దాని ప్రక్కనున్న మోషే పర్వతము ఎత్తు 2,285 మీటర్లు. సూర్యోదయమును శిఖరముమీద చూడగోరువారు అర్ధరాత్రి దాటగానే లేచి చలిలో ఎక్కనారంభింతురు. ఒంటెలు పోవు దారి ఒకటి, సన్యాసులు రాళ్లు పేర్చిన 3,750 మెట్ల దారి మరియొకటి కలవు.

కొండ దిగిన పిమ్మట బస్సు తాబా సరిహద్దు చేరును. దానిని దాటి, అరాబా ఎడారి వెంబడి ఉత్తరముగా పోయి, సముద్రమట్టమునకు 430 మీటర్లకు పైగా పల్లమున నున్న ఉప్పు సముద్రమును చూచి, అక్కడనుండి సుమారు 750 మీటర్ల ఎత్తున నున్న యెరూషలేమునకు ఎక్కుదురు. మంచి సమరయుని ఉపమానములో దొంగలు మాటువేసిన యెరికో దారి ఆ ప్రక్కనే యున్నది. హోరేబునుండి కాదేషు బర్నేయకు 11 దినముల ప్రయాణమని ద్వితీయోపదేశకాండము 1:2 చెప్పుచున్నది. ఆ పదునొకండు దినముల దారి ఇశ్రాయేలీయులకు 40 సంవత్సరములాయెను. మనవారు బస్సులో కూర్చుండి సీనాయినుండి యెరూషలేమునకు ఒక్క దినములో పోవుచున్నారు.

అంత సులువుగా పోవుటకు ఎందరి కన్నులు పనిచేసెనో ఆలోచించుడి. ఇసుక ఎక్కడ రోడ్డును కప్పునో, వానపడినప్పుడు ఏ లోయలో వరద హఠాత్తుగా దిగునో బస్సు తోలువానికి తెలియవలెను. ఏ తనిఖీచోట ఏ కాగితము చూపవలెనో గైడునకు తెలియవలెను. చీకటిలో ఏ మెట్టు వదులుగా నున్నదో కొండదారిని నడిపించు అరబ్బీ యువకునికి తెలియవలెను. గైడు ఇంగ్లీషులో చెప్పినది మన జట్టుతో వెళ్లిన పాస్టరుగారు తెలుగులో చెప్పవలెను. ఇన్ని కన్నులు, ఇన్ని నోళ్లు కలిసి ఒక ముసలి తల్లిని కొండమీదికి చేర్చినవి.

తిరిగి వచ్చినవారు కృతజ్ఞత కూటములో సాక్ష్యమిచ్చునప్పుడు, దేవుడే మమ్మును తీసికొనిపోయెను, దేవుడే క్షేమముగా తెచ్చెనని చెప్పుదురు. ఇది సత్యమే, ఆమేన్. అయితే చేయిపట్టి నడిపించినవాని పేరేమని అడిగితిమా, తెలియదందురు. గైడు ఒకడుండెను, డబ్బు ఇచ్చితిమి, అంతే. దేవుని మహిమపరచు సాక్ష్యములో మనుష్యుని పేరు చెప్పిన యెడల మహిమ తగ్గునేమోయని కొందరి భయము. ఈ భయమునకు లేఖనములో ఆధారమున్నదా?

మన పఠన భాగమును చూడుడి. రెండవ సంవత్సరము రెండవ నెల ఇరువదియవ దినమున సాక్ష్యపు గుడారము మీదనుండి మేఘము లేచెను (10:11). ప్రజలు సీనాయి విడిచి బయలుదేరిరి. ఎప్పుడు లేవవలెనో, ఎప్పుడు ఆగవలెనో మేఘమే చెప్పును. అట్టి సమయములో మోషే తన మామగారి ఇంటివాడును మిద్యానీయుడునైన హోబాబును పిలిచి, మాతోకూడ రమ్మని అడిగెను. హోబాబు రానని చెప్పెను. తన దేశమునకు, తన బంధువుల యొద్దకు పోవుదుననెను. మోషే విడువక మరల బతిమాలెను. ఈ అరణ్యములో ఎక్కడ దిగవలెనో నీకు తెలియును గనుక మాకు కన్నులుగా నుండుమని అడిగెను.

మేఘస్తంభముండగా హోబాబు ఎందుకు? మోషే విశ్వాసము ఇక్కడ సన్నగిల్లినదని చెప్పువారు కలరు. కాని లేఖనము ఈ విషయమై మోషేను ఒక్క మాటయైనను అనలేదు. బండను కొట్టినప్పుడు అతనిని గద్దించిన లేఖనము (20:12) ఇక్కడ ఊరకున్నది. అంతేకాదు, హోబాబును పిలిచిన మాటలు ముగిసిన వెంటనే, నిబంధన మందసము మూడు దినముల ప్రయాణమంత ముందుగా సాగెనని వ్రాయబడినది. ఒక వచనములో మనుష్యుని కన్నులు, తరువాతి వచనములో దేవుని మందసము. ఆ రెంటికిని పోరాటము లేదు. మేఘము ఇక్కడ ఆగుమని చెప్పును. ఆగిన చోట నీటి చెలమ ఏ రాతిచాటున నున్నదో, మందకు మేత ఏ లోయలో దొరుకునో ఆ ఎడారిలో పుట్టి పెరిగినవాడు చెప్పును. దేవుడు నడిపించును గనుక మనుష్యునితో పనిలేదనువాడు దేవుడు ఎవరి చేత నడిపించుచున్నాడో చూడనివాడు.

మోషే రెండు పిలుపులలో నున్న భేదమును కూడ గమనింపుడి. మొదటిసారి అతడు, మాతో వచ్చిన యెడల నీకు మేలు చేయుదుమనెను. హోబాబు వద్దనెను. రెండవసారి, నీవు లేనిది మాకు దారి తెలియదనెను. మొదటిది పెద్దవాడు చిన్నవానికి మేలు చూపి పిలిచిన పిలుపు. రెండవది అక్కరలో నున్నవాడు తెలిసినవానిని వేడుకొన్న పిలుపు. ఆరు లక్షల కాల్బలమునకు నాయకుడు, సముద్రమును దాటించినవాడు, ఒక మందకాపరి యెదుట నిలిచి మాకు తెలియదని ఒప్పుకొనెను. హోబాబు ఏమి బదులు చెప్పెనో అక్కడ వ్రాయబడలేదు. అయితే అతని సంతతివారైన కేనీయులు యూదా వంశస్థులతోకూడ కనాను దేశములో కాపురముండిరని న్యాయాధిపతులు 1:16 వలన తెలియుచున్నది. మన ఉపకారమును కోరి రానివారు కూడ మన అక్కరను దాచక చెప్పినప్పుడు వచ్చెదరు.

ఇక ఋణము మాట. మోషే హోబాబుకు రోజుకు ఇంతయని కూలి మాటలాడలేదు. యెహోవా మాకు ఏ మేలు చేయునో ఆ మేలు నీకును చేయుదుమని చెప్పెను (10:32). అనగా గమ్యము చేరిన తరువాత దొరకు మేలులో పాలు. ఈ మాట మోషేతో చనిపోలేదు. వందల సంవత్సరములు గడిచిన తరువాత సౌలు రాజు అమాలేకీయులమీదికి యుద్ధమునకు పోవుచు, వారి నడుమ నివసించుచున్న కేనీయులను తొలగిపొమ్మని ముందుగా హెచ్చరించెను. ఐగుప్తునుండి వచ్చినప్పుడు వారు ఇశ్రాయేలీయులకు ఉపకారము చేసిరి గనుక వారిని చంపనని చెప్పెను (1 సమూయేలు 15:6). సౌలు అనేక విషయములలో తప్పిపోయిన రాజు. అట్టివానికి సహితము ఈ పాత ఋణము జ్ఞాపకమున్నది. ఒక జనము తనకు దారి చూపినవారిని మరువకుండుటచేత ఆ దినమున ఎన్ని ఇండ్లు నిలిచెనో!

ఇక్కడ ఒకరు అడుగవచ్చును. అయ్యా, హోబాబు మాట వేరు. మన గైడు డబ్బు తీసికొని పనిచేసినవాడు. తన పొట్టకొరకు చేసిన పనిలో ఉపకారమేమున్నది? మంచి ప్రశ్నయే. కూలి దేనికి ఇచ్చితిమో విడదీసి చూతము. అతని దినమునకు, అతని కాళ్ల శ్రమకు ఇచ్చితిమి, అది తీరినది. కాని ఆ చీకటిలో అతడు మనలను మోసగించినను మనకు తెలిసెడిది కాదు. దగ్గరి దారిని దూరమని చెప్పవచ్చును, అలసినవానిని వెనుక విడిచిపెట్టవచ్చును, ఏదో ఒక రాతిని చూపి ఇదియే మోషే కొట్టిన బండయని చెప్పి కానుక అడుగవచ్చును. పట్టుకొనువారు లేనప్పుడు కూడ అతడు నమ్మకముగా నడిచినయెడల ఆ నమ్మకత్వము ఏ రసీదులోను లేదు. దానికి వెల కట్టువాడెవడు? పౌలు భక్తుడు అప్పులన్నిటిని తీర్చివేయుడని రోమీయులకు వ్రాయుచు, ప్రేమయను ఒక్క అప్పును మాత్రము ఎన్నడును తీరనిదిగా మిగిల్చెను (రోమీయులకు 13:8). కూలి ఇచ్చిన తరువాత మిగులు ఋణము ఇదియే.

అయితే దారి చూపువాడు చెప్పినదంతయు నమ్మవలెననియు, జీవితాంతము అతనికి దాసులమై యుండవలెననియు మా భావము కాదు. గ్రుడ్డివాడు గ్రుడ్డివానికి దారి చూపినయెడల ఇద్దరును గుంటలో పడుదురని ప్రభువు హెచ్చరించెను (మత్తయి 15:14). నమ్మకమైన గైడును ఎట్లు గుర్తింపవలెను? తనకు తెలిసినదానిని తెలిసినదనియు, పెద్దలు చెప్పగా విన్నదానిని విన్నదనియు వేరుచేసి చెప్పుట మొదటి గురుతు. యెరూషలేములో ప్రభువు సమాధి యని రెండు చోట్లు చూపుదురు. ఒకటి 335లో ప్రతిష్ఠింపబడిన పురాతన దేవాలయములో నున్నది. రెండవది 19వ శతాబ్దపు చివర కొందరు ప్రొటెస్టంటులు నమ్మిన తోటలోని సమాధి. నిజాయితీ గల గైడు రెంటిని చూపి, ఎవరెవరు ఏమి చెప్పుదురో తెలిపి, సమాధి ఖాళీగా నున్నదన్న సువార్త యొద్ద మనలను నిలుపును. మోషే పర్వతము కూడ పారంపర్యమునుబట్టి చూపు కొండయే. ఈ మాట విని యాత్రికుడు నిరాశపడనక్కరలేదు. ఈ పర్వతము మీదనైనను యెరూషలేములోనైనను కాక ఆత్మతోను సత్యముతోను ఆరాధించు కాలమును గూర్చి ప్రభువు సమరయ స్త్రీతో చెప్పియున్నాడు. అందుచేత ఆ ఖర్చు భరింపలేక ఇంటనున్నవారు తక్కువవారు కారు. పొలము తాకట్టు పెట్టి, అప్పుచేసి వెళ్లవలసిన యాత్ర ఏదియు లేదు.

రెండవ గురుతు ఫిలిప్పునందు చూడగలము. యెరూషలేమునుండి గాజాకు పోవు ఎడారి దారిలో ఐతియొపీయుడైన ఒక గొప్ప అధికారి రథములో కూర్చుండి యెషయా గ్రంథము చదువుచుండెను (అపొస్తలుల కార్యములు 8:26-39). గ్రహించుచున్నావా యని ఫిలిప్పు అడుగగా, త్రోవ చూపువాడు లేక ఎట్లు గ్రహింతునని ఆ పెద్దమనిషి సిగ్గుపడక ఒప్పుకొనెను. ఫిలిప్పు రథమెక్కి కూర్చుండి చెప్పెను, బాప్తిస్మమిచ్చెను, తరువాత కనబడలేదు. అధికారి సంతోషించుచు తన దారిని వెళ్లెను. మంచి మార్గదర్శి మనలను తనకు కట్టివేసికొనడు. పని ముగియగానే మన దారిని మనము నడువగలుగునట్లు విడిచిపెట్టును.

సీనాయి కొండవద్ద మనవారిని నడిపించువారెవరో తెలిసికొంటిరా? జెబెలియా అను అరబ్బీ తెగవారు. ఆ మాటకు కొండవారని అర్థము. జస్టీనియను కాలమున మఠమునకు కాపలాగాను పనివారుగాను దూరదేశములనుండి తెచ్చి నిలిపిన కుటుంబముల సంతతివారము మేమని వారు చెప్పుకొందురు. తరువాతి కాలమున వారు ముస్లిములైరి. అయినను ఆ క్రైస్తవ మఠమును విడువలేదు. మఠపు ప్రహరీ లోపల ఒక చిన్న మసీదు కూడ యున్నది. నేటికిని వారి ఒంటెలు, వారి లాంతర్లు, వారి భుజములు క్రైస్తవ యాత్రికులను మోషే పర్వతము మీదికి చేర్చుచున్నవి. హోబాబు మిద్యానీయుడు, ఇశ్రాయేలీయుడు కాడు. దారి చూపు కన్నులను దేవుడు మన సంఘపు పుస్తకములో పేరున్నవారికే ఇయ్యలేదు.

4వ శతాబ్దపు చివర ఎగేరియా యను క్రైస్తవ స్త్రీ పడమటి దేశమునుండి వచ్చి ఇదే కొండ ఎక్కినది. తాను చూచినదంతయు స్వదేశమందలి తన సహోదరీలకు జాబుగా వ్రాసినది. తనకు ప్రతి స్థలమును చూపిన సన్యాసుల దయను, భయము గల చోట్ల తోడువచ్చిన సైనికులను ఆమె మరువక వ్రాసినది. పదహారు వందల యేండ్ల తరువాత ఆ జాబు చదువు మనకు కొండతోపాటు ఆమెకు తోడైనవారును కనబడుచున్నారు.

మన తెలుగువారిలో ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే 18న చెన్నపట్నమున బయలుదేరి, హైదరాబాదు, నాగపూరు, ప్రయాగల మీదుగా కాశికి పోయి, కలకత్తా, విశాఖపట్నముల మీదుగా 1831 సెప్టెంబరు 3న ఇల్లు చేరిరి. ఆయన కాశీయాత్ర చరిత్ర ఆయన మరణానంతరము 1838లో అచ్చయ్యెను. అది వేరొక మతస్థుని యాత్రయైనను మనకు బోధింపగలదు. ఆయన సుప్రీంకోర్టులో ద్విభాషి. భాష తెలియనివారికి నోరైనవాడు. ఆయన పేరు పుస్తకముమీద నిలిచినది. కొండలలో, అడవులలో ఆయన పల్లకిని మోసిన బోయీల పేర్లు మనలో ఎవరికి తెలియును?

మన సంఘ చరిత్రలో ఇట్టి లోటు లేదా? 1842 జూలై 31న ఫాదర్ హయ్యరుగారు గుంటూరు చేరిరని మన బిడ్డలు సండేస్కూలులో నేర్చుకొందురు. తెలుగు రాని ఆ దొరకు మాట అందించినవారు, బండి తోలినవారు, ఏరు దాటించినవారు ఉండక తప్పదు. తరువాత ఇంటింటికి తిరిగి చదువు నేర్పిన బైబిలు స్త్రీలు, పల్లెపల్లెకు కాలినడకను పోయిన ఉపదేశులు ఎందరో కలరు. రాతిపలకలమీద వారి పేర్లు అరుదు.

మన అడవులదీవికి ఎడారి లేదు. కాని దారి తెలియని చోట్లు మనకును కలవు. మడ అడవిలోని కాలువలు అన్నియు ఒక్కటిగానే కనబడును. పోటు ఎప్పుడు వచ్చునో, పాటు తీసినప్పుడు పడవ ఎక్కడ బురదలో దిగబడునో వల వేయువానికే తెలియును. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెన మన తీరమును కూడ కొట్టినది. అట్టి రాత్రులలో ఎవరి కేక విని ఏ గట్టు ఎక్కితిరో మీ యింటి పెద్దలను అడుగుడి. ఆ కేక ఏ కులమువానిది, ఏ మతమువానిది అని అప్పుడు ఎవరును అడుగరు. తెల్లవారిన తరువాత మరల అడుగుట మొదలుపెట్టిన యెడల, మనము సౌలు పాటి కూడ కామనవలెను.

కాబట్టి ఈ ఋణము విషయమై మూడు సంగతులు మనవి చేయుచున్నాము. మొదటిది, పేరు అడుగుడి. యాత్రకు పోయినను, రేపల్లెలో ఆసుపత్రికి పోయినను, దారి చూపినవాని పేరు తెలిసికొని సాక్ష్యములోను ప్రార్థనలోను ఆ పేరు చెప్పుడి. రెండవది, ఒప్పుకొన్న కూలిలో బేరమాడి తగ్గింపకుడి. దేవుడు మీకు చేసిన మేలులో పాలు ఇయ్యుడి. ఒంటె తోలువానితో పది రూపాయలకు జగడమాడి, కొండమీద స్తుతికీర్తన పాడుట తగదు. మూడవది, మీకు తెలిసిన దారిని మరియొకనికి చూపుడి. బ్యాంకు కాగితము చదువలేని ముసలివానికి చదువు వచ్చిన పిల్ల కన్నులు కావలెను. ఆ పిల్ల తెలిసినదే చెప్పవలెను; తెలియనిది తెలియదని చెప్పవలెను.

రాబోవు కృతజ్ఞత కూటములో ప్రతి కుటుంబమువారును తమకు దారి చూపిన ఒక్కరి పేరైనను చెప్పవలెనని కోరుచున్నాము. వారు మన సంఘమువారు కాకపోయినను చెప్పుడి. బ్రతికియున్న యెడల ఆ దినమున వారిని పిలిచి, మనతోకూడ భోజనమునకు కూర్చుండబెట్టుదము.